ముంగారు వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

వానొస్తే ఇత్తుదాం, రాకుంటే ముందే ఇత్తుదాం. కోసేది కోస్తాంటే మొలిసేది మొలుస్తాండల్ల.

అవతారిక

కర్త అజ్ఞాతుడు. కాలం రోహిణి కార్తె చివర, మబ్బులు బళ్ళారి వైపు బరువుగా నడిచి ఇటు మాత్రం నీడ చూపించి పోయే రోజులు. స్థలం కళ్యాణదుర్గం దారిలో ఏ టీ బంకైనా కావచ్చు. ‘విత్తుదాం’ అనే పాఠాంతరం ఒకటి ఉంది గాని, అది కృష్ణకు అవతల ఏ సంపాదకుడో దిద్దిన పాఠం కనక గ్రాహ్యం కాదు.

శాస్త్రగ్రంథానికి అనుబంధ చతుష్టయం చెప్పకుండా కలం కదలరాదు. విషయం: పొట్టి పదునులో ఒకటికి మించి పంటలు తీయడం. ప్రయోజనం: తిండి, మేత, బాకీకి ఒక వాయిదా. అధికారి, అనగా దీన్ని చదవడానికి అర్హుడు: ఎర్రనేలలో నాలుగైదెకరాలు ఉండి, బోరు లేనివాడు, లేదా బోరు ఉండి అందులో నీళ్ళు లేనివాడు. సంబంధం: బ్యాంకుతో.

ప్రతిపదార్థం

వానొస్తే = వర్షము వచ్చినయెడల.

ఇక్కడ ‘వాన’ అంటే ఏది అన్నది మొదటి చిక్కు. దుమ్మణిచిన తుంపర వాన కాదు. చూరు కారించిన జల్లూ వాన కాదు. మడక దిగేంత తడిస్తే దుక్కి పదును, గింజ మొలిచేంత తడి నిలిస్తే విత్తనం పదును. వాక్యంలోని వాన ఈ రెండోది. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తం సగటు వాన 552 మిల్లీమీటర్లు. నైరుతి ఇచ్చేది సుమారు 338, ఈశాన్యం ఇచ్చేది 156. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే బరువు దించుకుని ఖాళీ చేతులతో వస్తుంది. ఈశాన్య మేఘం తూర్పు తీరాన్నే సగం అలిసిపోయి ఇంతదూరం రాలేకపోతుంది. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడేది ఇక్కడే అని ప్రతి వ్యాసకర్తా మంగళాచరణలా రాస్తాడు. నేనా ఆచారం పాటించను. రాజస్థాన్‌లోనే ఇంతకన్నా ఎండిన జిల్లాలు వరసగా ఉన్నాయి. అనంతపురం కష్టం మిల్లీమీటర్లలో లేదు, ఆ మిల్లీమీటర్లు దిగే తీరులో ఉంది. నెలంతటికీ రావలసింది రెండు రాత్రుల్లో పడి, తర్వాత ఇరవై, ముప్ఫై రోజులు బెట్ట.

ఛందస్సు విషయం ఇక్కడే చెప్పేస్తాను. ఈ వాక్యానికి గణ నియమం లేదు. యతి మాత్రం ఉంది: బెట్ట వచ్చిన చోటల్లా యతి.

ఇత్తుదాం = విత్తనము వేయుదము.

ఉత్తమ పురుష బహువచనం. చెప్పేవాడు ఒక్కడే అయినా బహువచనం ఎందుకంటే, గొర్రు పట్టినవాడు ఒకడు, వెనక సాలులో గింజ వదిలే ఆడమనిషి ఒకరు, గింజకు డబ్బిచ్చినవాడు ఇంకొకడు, ముందు నడిచే ఎద్దులు రెండు. ట్రాక్టర్ వచ్చాక ఎద్దులు లోపించాయి. వ్యాకరణంలో లోపమంటే పోవడమే గనక దీనికి వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

ఏ విత్తనం అన్నది మూలంలో లేదు. చెప్పకపోవడమే కవి ప్రతిభ అని కొందరు. చెప్పవలసిన అవసరం లేకపోవడం అని నేను. ఈ జిల్లాలో మూడు తరాలుగా ‘విత్తనం’ అంటే చెనక్కాయే. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ మొదలుపెట్టడం, ధర పలకడం, సబ్సిడీ విత్తనం చేతికి రావడం ఒకదానికొకటి తోడై, ఒక దశలో ఏడెనిమిది లక్షల హెక్టార్లు చెనక్కాయ తప్ప మరో మొక్క కనపడని చేను అయింది. కొర్ర, సామ, జొన్న గట్లెక్కాయి.

అయితే లెక్క చూడండి. జాతీయ నేలల సర్వే సంస్థ 1992లో దేశాన్ని 20 వ్యవసాయ పర్యావరణ మండలాలుగా విడదీసినప్పుడు, ఈ ప్రాంతం పడిన మండలంలో పైరు పెరగడానికి నేలలో తడి నిలిచే కాలం 60 నుంచి 90 రోజులు. 1940లో తిండివనం నుంచి బయల్దేరి ఈ నేలను దశాబ్దాలు ఏలిన టీఎంవీ-2 చెనక్కాయకు కావలసింది నూరు రోజుల పైమాటే. తొంభైలో నూరు ఎలా ఇమిడింది? శాస్త్ర ప్రకారం ఇమడదు. ఇమడని ఏళ్ళకే కరువు అని పేరు.

ఇది ఎండ తక్కువైన దేశం కాదన్నది కూడా మరవకూడదు. చలిదేశాల తోటమాలి మంచు ఎప్పుడు విడుస్తుంది, మళ్ళీ ఎప్పుడు కప్పుతుంది అని మధ్య రోజులు లెక్కపెట్టుకుంటాడు. ఇక్కడ సూర్యుడు ఏడాది పొడుగునా హాజరు. అదును పొట్టిది కాదు, పదును పొట్టిది. ఈ తేడా పట్టుకోని వ్యాఖ్యానం ఎంత పాండిత్యంతో రాసినా కిందికి జారిపోతుంది.

రాకుంటే ముందే ఇత్తుదాం = వర్షము రానియెడల, వచ్చుటకు ముందుగానే విత్తుదము.

పండితులు ఇక్కడే తడబడతారు. వాన వస్తే విత్తుతాం సరే, రాకపోతే ‘ముందే’ ఎలా? ముందు అంటే దేనికి ముందు? రాని వానకు ముందు అనేది ఏ కాలం? విరోధాభాస అలంకారమని చెప్పి కొందరు తప్పుకున్నారు. వారు చేనికి వెళ్ళి ఉంటే తప్పుకునేవారు కాదు. ఏప్రిల్, మే నెలల్లో దుక్కిలో చెమ్మే లేనప్పుడు విత్తడం ఈ జిల్లాలో పదేళ్ళ లోపుగా పెద్దయెత్తున నడుస్తున్న పని. రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో దీనికి నవధాన్యాల సాగు అని వాడుక పేరు. తొమ్మిదితో ఆగదు, పదిహేను నుంచి ముప్ఫై రకాల గింజలు కలుపుతారు. బీజామృతంలో తడిపి, బంకమట్టి, ఘనజీవామృతం, బూడిద పొరలు పొరలుగా అంటించి, ఉండలు చేసి ఆరబెట్టి, ఎండు నేలలో చల్లుతారు. పైన గడ్డో ఆకులో కప్పుతారు.

గాలిలోని తేమ తాగి గింజ మొలుస్తుందని ఉత్సాహవంతులైన ప్రచారకులు కొందరు అంటారు. అంత దూరం నా భక్తి పోదు. సగటు లెక్కల్లో నైరుతీ ఈశాన్యమూ తీసేస్తే ఇంకా 58 మిల్లీమీటర్లు మిగులుతాయి. అందులో ఎక్కువ భాగం వేసవి గాలివానలది. ఆ నీళ్ళను ఇన్నాళ్ళూ ఎవరూ లెక్కపెట్టలేదు, ఎందుకంటే అవి పడేసరికి చేనులో గింజ ఉండేది కాదు. వాన పడ్డాక విత్తనం కోసం సబ్సిడీ వరసలో నిలబడి, సంచి తెచ్చి, ట్రాక్టర్ దొరికేసరికి పదును ఆరిపోయేది. గింజ ముందే నేలలో కాచుకుని ఉంటే ఒక్క జల్లు చాలు. మట్టి పొర చీమల నుంచీ పిట్టల నుంచీ కాస్తుంది, నాలుగు చినుకులకే మోసపోయి గింజ లేవకుండానూ కొంత ఆపుతుంది. అయినా బెట్టకు కొన్ని మాడతాయి. ముప్ఫైలో పది పోయినా చేను బోడి కాదు. ఒకే పంట వేసినవాడికి ఆ సుఖం లేదు.

కాబట్టి ‘ముందే’ అంటే రాని వానకు ముందు కాదు, ఎవరూ వానగా గుర్తించని వానకు ముందు. విరోధం తొలగింది.

కోసేది కోస్తాంటే = కోతకు వచ్చినదానిని కోయుచుండగా.

మూలంలోని రుచి అంతా ఈ పదంలో ఉంది. ఒకే రోజు నేలలో పడిన గింజలు ఒకే రోజు కోతకు రావు. తోటకూర నెల తిరక్కుండానే కూరలోకి వస్తుంది. తర్వాత గోగాకు. రెండు నెలలు దాటగానే పెసర, ఆ వెంటనే అలసంద, ఎనభై రోజుల చుట్టుపక్కల కొర్ర, సజ్జ. అందరూ దిగిపోయాక చేనులో మిగిలేవి ఆముదం, అనప, కంది. విత్తడం ఒక్కసారి, కోత అరడజను సార్లు. పంటలను ఒకదాని తర్వాత ఒకటి వరసలో నిలబెట్టాలంటే ఇక్కడ తడి చాలదు. ఒకదాని కడుపులో ఒకటి పెట్టాలి.

కంది గురించి ఆగి చెప్పాలి. చెనక్కాయ తన వయసు తాను లెక్కపెట్టుకుంటుంది: విత్తిన నాటి నుంచి ఇన్ని రోజులకు పూత, ఇన్ని రోజులకు ఊడ. సంప్రదాయ కంది అలా కాదు, ఆకాశం చూసి పూస్తుంది. అనంతపురం అక్షాంశంలో పొడుగు పగలు సుమారు పదమూడు గంటలు, పొట్టి పగలు పదకొండుంపావు. ఆ కొద్దిపాటి తేడానే కంది పసిగట్టి, పగలు కుదించుకున్నాకే పూతకు వస్తుంది. అందుకే చెనక్కాయ సాళ్ళు ఏడింటికో పదకొండింటికో ఒక కంది సాలు వేసిన పెద్దలు, చెనక్కాయ పీకేశాక కూడా ఈశాన్యపు మిగులు తడి మీద కందిని డిసెంబరు దాకా నిలబెట్టారు. ఒకే చేనులో రెండు గడియారాలు. ఉలవదీ కంది గోత్రమే. ఆలస్యంగా వేసినా సమయానికే కాస్తుంది గనకనే జూలై పోయి ఆగస్టు పోయినప్పుడు వ్యవసాయ శాఖ ప్రత్యామ్నాయ విత్తనమని ఉలవ సంచి చేతిలో పెడుతుంది.

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పగలు చూసి పూసే ఈ స్వభావాన్ని మార్చే పని కంది మీద చేసింది. పగటి పొడుగుకు లొంగని, 45 డిగ్రీల వేడికి తట్టుకునే ఐసీపీవీ 25444 అనే కందిని 2025లో ప్రకటించింది. ఇది వస్తే వేసవిలోనూ కంది అంటున్నారు. నీళ్ళు ఎక్కడివి అన్న ప్రశ్న యథాతథం. పైగా ఆకాశం చూసి ఆగే ఓపికే పాత కంది బలమని నా అభిప్రాయం. ఆ ఓపిక తీసేసిన కందిని ఈ చేనులోకి ఎందుకు పిలవాలో ఇంకా నాకు ఎక్కలేదు.

మొలిసేది మొలుస్తాండల్ల = మొలవవలసినది మొలుచుచుండవలెను.

‘అల్ల’ విధ్యర్థకం. రాయలసీమ వాడుకలో ఇది ప్రార్థన కాదు, ఆజ్ఞ. ఎవరికి ఆజ్ఞ? నేలకు. నేల ఏ నెలలోనూ బోడిగా ఉండరాదని తాత్పర్యం. ఎండలో ఎర్రనేల పైపొర గట్టిపడితే చెనక్కాయ ఊడ దిగదు. పడిన వాన ఇంకదు, పారిపోతుంది. ప్రకృతి వ్యవసాయం వాళ్ళు 365 రోజుల పచ్చదనం అని గోడల మీద రాసేది ఈ ‘అల్ల’కు అనువాదమే.

పూర్వపక్షం

గోదావరి డెల్టా వ్యాఖ్యాత ఒకరు అంటారు: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక మేము సార్వా, దాళ్వా తీస్తున్నాం, పైన అపరాలు చల్లుకుంటున్నాం, ఇందులో వింతేముంది? అయ్యా, మీరు కాలువ పక్కన కూర్చుని వాన అనే పదానికి అర్థం రాశారు. ఆ టీక ఇక్కడ చెల్లదు.

మరో పక్షం: వాన రాకపోతే తెప్పించవచ్చు. 2016 ఆగస్టులో చెనక్కాయ ఊడ దశలో మాడుతుంటే ప్రభుత్వం రెయిన్‌గన్లు దించింది. వరుణాస్త్రాన్ని ప్రత్యక్షంగా చూసిన తరం మనది. పురాణంలో వరుణాస్త్రానికి మంత్రం చాలు, దీనికి కుంటలో నీళ్ళు, డీజిలు, పైపులు కావాలి. కుంట నిండాలంటే వాన రావాలి. దీన్ని తర్కంలో అన్యోన్యాశ్రయ దోషం అంటారు.

ఏకపంట పక్షం: అన్నీ కలిపి వేస్తే ఏదీ సరిగా పండదు, ఒక్కటే వేసి అమ్ముకోవడం మేలు. ఈ వాదంలో బలముంది. మార్కెట్ యార్డులో పదిహేను రకాల గింజలు గుప్పెడు గుప్పెడు తెచ్చినవాడి వైపు ఏ వ్యాపారీ చూడడు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వంటివి చిరుధాన్యాలకు సొంత సహకార సంఘం పెట్టుకోవలసి వచ్చింది అందుకే. కలిపి కోయడం, విడదీయడం, చెరగడం అంతా ఇంటి ఆడవాళ్ళ నడుము మీద పడుతుందన్నదీ నిజమే, ప్రచార సాహిత్యంలో ఆ నడుము కనపడదు. కాని ఏకపంట పక్షానికి 2000వ సంవత్సరపు ముంగారు సమాధానం చెప్పింది. ఆ ఏడు కాండం కుళ్ళు వైరస్ రెండు లక్షల పైచిలుకు హెక్టార్ల చెనక్కాయను పట్టింది. వైరస్ దాగింది గట్ల మీది వయ్యారిభామ పుప్పొడిలో. మోసింది తామర పురుగు. కావ్యాల్లో నాయిక, దూతిక కలిసి ఒక నాయకుణ్ణి చెడగొడతారు. ఇక్కడ నాయకుడు జిల్లా అంతటా ఒక్కడే కావడం వల్ల పని తేలికైంది.

ఫలశ్రుతి

పాత గ్రంథాల్లో చివర ఇది చదివినవారికి ధన కనక వస్తువాహనాలు అని ఉంటుంది. ఈ వాక్యకర్త అలాంటి హామీ ఇవ్వలేదు గనక వ్యాఖ్యాతగా నేనూ ఇవ్వను. ఒక్క అన్వయ క్లేశం మిగిలింది, అది వ్యాకరణానిది కాదు, రికార్డుది. ఈ-పంట నమోదుకు చేనికి వచ్చిన కుర్రవాడు సెల్లు తీసి గట్టు మీద నిలబడతాడు. ఎదురుగా ఆముదం కింద అలసంద, అలసంద పక్కన సజ్జ, మధ్య మధ్య గోగు, అక్కడక్కడా కంది.

“పెద్దాయనా, ఏం పంట అని రాయల్ల?”

“ఇప్పటికి గోగాకు రాసుకో నాయనా. వచ్చే నెల మళ్ళొచ్చి మార్చుకో.”