ఖర్చు పద్దు లేని మిద్దెతోట

బెంగళూరు మేడల మీద కొంతకాలంగా ఒక కొత్త అర్థశాస్త్రం వర్ధిల్లుతోంది. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా స్థిరపడిన తెలుగు ఉద్యోగ కుటుంబాలలో దీనికి అనుయాయులు పుష్కలంగా ఉన్నారు. మిద్దెతోట, అనగా ఇంటి పైకప్పు మీద కుండీలలోనూ గ్రోబ్యాగులనే ప్లాస్టిక్ సంచులలోనూ పెంచే కూరగాయల తోట, సంసారపు ఖర్చును తగ్గించి పొదుపును పెంచుతుందన్నది దీని మూల సూత్రం. పొదుపంటే ఆదాయంలో ఖర్చు పోను మిగిలినదని పాత శాస్త్రం చెబుతుండగా, కొత్త శాస్త్రం ఆ నిర్వచనంలోంచి ఖర్చును భారంగా భావించి తొలగించింది. అందువల్ల ఈ తోటల పద్దు పుస్తకాలలో జమ ఒక్కటే మిగిలింది. కోసిన ప్రతి బెండకాయా అందులో సూపర్‌మార్కెట్లు సేంద్రియ కూరగాయలకు అంటించే ధర చొప్పున నమోదవుతుంది, ఆ ఇంట్లో అంతకు ముందు వారం దాకా తిన్న బెండకాయలన్నీ తోపుడు బండి మీద గీచి గీచి బేరమాడి కొన్నవే అయినప్పటికీ.

తొలగించిన ఆ ఖర్చు ఎక్కడికి పోయిందో తెలుసుకోదలచినవారు లాల్‌బాగ్ పక్కనున్న సిద్ధాపుర నర్సరీల వరుసలో ఒక ఆదివారం నిలబడితే చాలు. పొదుపు వ్రతం పట్టిన కుటుంబం కారు దిగి, ముందుగా మట్టిని కొంటుంది. తరువాత కోకోపీట్ దిమ్మలను, అంటే కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టును ఆరబెట్టి ఒత్తిన ఇటుకలను కొంటుంది. ఆపైన వర్మీకంపోస్టును, అంటే చెత్తను తిన్న వానపాములు విసర్జించిన పదార్థాన్ని, కిలోల లెక్కన తూకం వేయించుకుంటుంది. వేపపిండి, వేపనూనె, ఎండను ఆపే షేడ్‌నెట్, వేళకు నీళ్లు వదిలే టైమరు, చేతులకు తొడుగులు, తలకు టోపీ కూడా డిక్కీలోకి చేరాక, రెండు పచ్చిమిరప నారు మొక్కల దగ్గర బేరం మొదలవుతుంది. పొదుపన్నది ఇంత సామగ్రి కోరే విద్య అని పూర్వులకు తెలియకపోవడం వారి దురదృష్టం. మదనపల్లె పెరట్లో గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట గోంగూర, గోడవారన ములగచెట్టు పెంచిన ఇల్లాలు దానికి పొదుపని పేరైనా పెట్టలేదు, పెట్టుబడైనా పెట్టలేదు.

జమ పద్దులో మొదటి వరుసల్లో తప్పక కనిపించేవి కరివేపాకు, కొత్తిమీర. మడివాళ మార్కెట్‌లో నాలుగు రకాల కూరగాయలు కొన్నవారికి అమ్మేవాడు కొసరుగా, అంటే తూకానికి పైన ధర లేకుండా, సంచిలో వేసే సరుకులు తరచుగా ఇవే. 2024లో సరుకులు ఇంటికి చేర్చే బ్లింకిట్ సంస్థ సైతం కూరగాయలతో పాటు కొత్తిమీర ఉచితంగా ఇస్తామని ప్రకటించడంతో, కొసరు మర్యాద మొబైల్ ఫోనుకూ ఎక్కింది. ఊరికే దొరికే వస్తువును రెండు నెలలు కాపలా కాసి పండించి, దానికి వెల కట్టి, ఆ వెలను ఆదాగా రాసుకునే ఈ గణితం ముందు లోకంలోని ఆడిటర్లందరూ తలవంచవలసిందే.

ఈ మతానికి మహిమ చూపిన సంవత్సరం 2023. ఆ జులైలో టమాటా కిలో వంద రూపాయలు దాటింది; కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి టమాటాలు సేకరించి నగరాలలో తగ్గింపు ధరకు అమ్మించవలసి వచ్చింది. బెంగళూరులో అయితే టమాటాల లోడుతో వెళ్తున్న వాహనాన్నే దుండగులు ఎత్తుకుపోయారు. ఇక చూడండి, మేడ మేడకూ టమాటా నారు ఎక్కింది. విత్తు నాటిన నాటి నుంచి మొదటి కాయ పండేదాకా మూడు నెలలు పడుతుందన్న చిన్న సంగతిని ఆ ఉత్సాహంలో ఎవరూ లెక్కించలేదు. ఈలోగా తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ సోకి ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి, పూత రాలింది, మిగిలిన కాయల్లో కొన్నింటిని ఉడతలు కొరికి చూసి వదిలేశాయి. వీటన్నిటినీ దాటుకొని ఒక గిన్నెడు పళ్లు చేతికి వచ్చేసరికి, టోకు ధర కుప్పకూలి రాయలసీమ రైతులు టమాటాలను రోడ్డు పక్కన పారబోస్తున్నారు. అయితే పద్దు పుస్తకంలో ఆ గిన్నెడు పళ్లు జులై ధరకే జమ పడ్డాయి. అమెరికాలో విలియం అలెగ్జాండర్ అనే ఆయన తన పెరటి టమాటా ఒక్కొక్కటి 64 డాలర్లకు తేలిందని లెక్కగట్టి, 2006లో ఆ సంగతినే పుస్తకానికి పేరుగా పెట్టాడు. ఖర్చు పద్దు రాసే దురలవాటు ఆయన్ని అంత దూరం తీసుకెళ్లింది.

ఇక నీటి లెక్క. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఈ నగరానికి కావేరి నీరు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, తొరెకాడనహళ్లి దగ్గర శుద్ధి అయి, పంపుల మీద పంపులు తోడగా ఎక్కి వస్తుంది. బోర్లు ఎండిపోయిన 2024 మార్చిలో జలమండలి, అంటే నగర నీటి సరఫరా బోర్డు, తాగునీటితో తోటలు తడపడాన్నీ కార్లు కడగడాన్నీ నిషేధించి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. కిలో ఇరవై రూపాయల మామూలు ధరకు చూస్తే ఒక్క జరిమానాతో రెండున్నర క్వింటాళ్ల టమాటాలు వస్తాయి. ఒక కుటుంబం వాటిని తిని ముగించేసరికి తరువాతి నీటి కరవు వచ్చినా రావచ్చు.

నీళ్లు పోసే చేతుల సంగతి అంతకన్నా సున్నితమైనది. ఆఫీసుకు పోయే యజమాని తోట తనదంటాడు గానీ, పొద్దున్నే మెట్లెక్కి కుండీలు తడిపేది, పిండినల్లిని పాత టూత్‌బ్రష్‌తో తోమి తీసేది అనంతపురం నుంచి మనవల్ని చూసుకోవడానికి వచ్చిన తల్లి. ఆమె మోకాళ్ల నొప్పుల మందులు వైద్యం ఖాతాలోకి వెళ్తాయి, ఆమె పండించిన వంకాయలు మాత్రం పొదుపు ఖాతాలోకి వస్తాయి. ఖాతాలను ఇలా విడదీసే నేర్పు లేనివారు మిద్దెతోట జోలికి పోకపోవడం మంచిది.

ఇంతా చేసి ఈ యుద్ధం దేనిమీద? కేంద్రం 2022–23లో జరిపించిన గృహ వినియోగ వ్యయ సర్వే, అంటే కుటుంబాలు దేనికెంత ఖర్చు పెడుతున్నాయో తేల్చే లెక్క, ప్రకారం పట్టణ ప్రాంతాల సగటు నెలసరి ఖర్చులో కూరగాయల వాటా 4 శాతానికి లోపే. పానీయాలు, తయారైన తినుబండారాల వాటా 10 శాతం పైమాటే. వంకాయ మీద నాలుగు రూపాయలు మిగిల్చిన ఇంటికి రాత్రి పిజ్జా వస్తే దానికి ఏ శాస్త్రమూ అడ్డురాదు.

నిజమైన అవసరం కొద్దీ తోటలు వేసినవారు లేకపోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు లక్షల పెరళ్లలో కూరగాయలు పెంచింది తిండి సైన్యానికి చాలాలని. సోవియట్ సహాయం ఆగిపోయాక క్యూబా రాజధాని హవానా ప్రజలు ఖాళీ స్థలాలన్నీ దున్నింది తిండి లేక. బెంగళూరులోనే డాక్టర్ బి.ఎన్. విశ్వనాథ్ వంటివారు మిద్దెతోటలకు ప్రచారం చేశారు, 2011 నుంచి ‘ఊట ఫ్రమ్ యువర్ తోట’, అంటే మీ తోట నుంచే మీ భోజనం, అనే సంతలు జరుగుతున్నాయి. మొక్క అంటే ఇష్టం గనుక పెంచుతున్నామనేవారిని, మందు కొట్టని ఆకుకూర కోసం పెంచుతున్నామనేవారిని లెక్కలు అడిగే హక్కు ఎవరికీ లేదు. సరదాకు పొదుపు అన్న దొంగపేరు పెట్టి, ఆపైన దాన్ని ఇతరులకు ఉపదేశించడం దగ్గరే పేచీ.

ఆ ఉపదేశం చివరకు చేరేది పనిమనిషికి. నెలకు వంద రూపాయలు మిగిలినా పనికొచ్చే కుటుంబం ఆమెది. అయితే పది నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకునే అలవాటున్న ఈ ఊళ్లో ఆమెకు దొరికింది ఒంటిగది, మేడ తలుపు తాళంచెవి ఇంటి ఓనరు దగ్గర. నాలుగు కుండీలు పెట్టుకోరాదా అని ఆమెకు సలహా ఇచ్చిన గృహిణి, ఒకేసారి కాసి ముదిరిపోయిన బీరకాయలను సంచిలో వేసి ఇస్తుంది, వాటిని కూడా సేంద్రియ ధరకు జమ రాసుకుంటుంది. పనిమనిషి అడిగిన జీతం పెంపు మాత్రం దసరా తరువాత చూద్దామని వాయిదా పడుతుంది, ఎందుకంటే ఈ నెల షేడ్‌నెట్ మార్చవలసి ఉంది.