వాకిట్లో రెజిన్, కాగితంలో గ్యారంటీ

బ్రిటన్‌లో ఇంటిముందు కారు నిలిపే దారికి గులకరాళ్లను రెజిన్ అనే జిగురుతో కలిపి పరుస్తారు. పోసేటప్పుడు తడి తగిలితే రెజిన్ నురగకట్టి తెల్లబడుతుంది. చవకరకం ఎండకు పసుపు బారుతుంది. పునాదిలో పగులు పైకి తేలుతుంది. రాళ్లు ఊడితే తప్పు చక్రాలదంటాడు కాంట్రాక్టరు, అదీ కార్ల కోసమే వేసిన దారిమీద! మరమ్మతంటే చెడినమేర కోసి కొత్తది పోయడం. పాతది వెలిసిపోయి ఉంటుంది గనుక అతుకు వీధి చివరికీ కనిపిస్తుంది. గ్యారంటీ ఏళ్ల తరబడి ఉంటుంది, ఇచ్చిన కంపెనీ ఉంటేనే. 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం నాసిరకం పనిని మళ్లీ చేయించుకోవచ్చు. కుదరకపోతే ధర తగ్గించమనవచ్చు. చివరి వాయిదా ఇంకా చేతిలో ఉండగానే ఫొటోలు జతచేసి కాంట్రాక్టరుకు ఫిర్యాదు రాసివ్వండి.