స్పెక్ట్రం సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733

అవతారిక: 1982వ సంవత్సరము ఏప్రిల్ మాసమున కేంబ్రిడ్జి నగరమందలి సింక్లెయిర్ సంస్థవారు స్పెక్ట్రం అను గృహోపయోగ కంప్యూటరును, 16కె మెమరీ గలదానిని 125 పౌండ్లకును, 48కె గలదానిని 175 పౌండ్లకును విక్రయింప నారంభించి, రెంటికిని ఒకే నల్లని పెట్టెను, ఒకే రబ్బరు మీటలను తొడిగినందున, అటకమీద దొరికిన యంత్రమును చేతబట్టి యిది యేదియో యని సంశయించు జిజ్ఞాసువు కొఱకు ఈ సూత్రము ప్రవృత్తమైనది.

ప్రతిపదార్థము: పీక్ 23732 = ఆ సంఖ్యగల స్థానమున తొంగిచూడగా కనబడు బైటును; 256 * పీక్ 23733 = దాని ప్రక్కనున్న బైటును 256 ఇంతలు చేసి; + = కలిపి; ప్రింట్ = తెరపై చూపుము. అల్పాంశము ముందును అధికాంశము వెనుకను కూర్చుండుట జడ్80 ప్రాసెసరు కులాచారము. దానిని ప్రశ్నించుటకు మనమెవరము?

తాత్పర్యము: 65535 వచ్చిన 48కె; 32767 వచ్చిన 16కె.

ఇచట పూర్వపక్షి, ‘16కె యనగా 16384 బైట్లే కదా, ఈ 32767 ఎక్కడిది?’ అని యాక్షేపించును. వినుము. సున్న మొదలు 16383 వఱకు గల స్థానముల నన్నిటిని రామ్ ఆక్రమింపక పూర్వమే రోమ్ ఆక్రమించుకొని యున్నది. కావున సూత్రము చెప్పునది పరిమాణము గాదు, కడపటి బైటు చిరునామా. ఇంటి నంబరు పెద్దదైనంత మాత్రమున ఇల్లు పెద్దది కాదు గదా!

విశేషము: ఈ సంఖ్య కర్మాగారమువారు వ్రాసి పెట్టినది కాదు. స్విచ్చి వేసిన ప్రతిసారియు రోమ్ తానే మెమరీ నంతయు వ్రాసి, చదివి, తొలి లోపము కనబడినచోట ఆగి, దానికి ముందున్న స్థానమును పై రెండు బైట్లలో నిక్షేపించును. కనుక 48కె యంత్రమున పై 32కె చెడినయెడల అదియు 32767 అనియే దీనముగా పలుకును. ఆ పై భాగమునకు వాడిన చిప్పులు కూడ, 64 కిలోబిట్లవిగా పుట్టి, సగము దోషయుక్తములై చౌకగా లభించినవే. మంచి సగమేదియో బోర్డుమీది లింకు తెలుపును. ఇట్టి పొదుపును నేను మెచ్చుకొందును గాని, కొన్నవానికి చెప్పియుండిన ఇంకను మెచ్చుకొందును.

ఇక బోర్డు కూర్పు (ఇష్యూ) సంగతి. ‘పాజ్ 25: ప్రింట్ ఇన్ 254’ అని అడుగగా 255 వచ్చిన ఒకటవదో రెండవదో ఇష్యూ యనియు, 191 వచ్చిన మూడవదియో తరువాతిదో యనియు గ్రహింపవలెను. తేడా 64, అది సున్న మొదలు లెక్కింపగా టేపురికార్డరు ధ్వని వచ్చు ఆఱవ బిట్టు. పాజ్ ఏల? ఎంటరు మీటపై వేలు నిలిచియుండగనే చదివిన ఒకటి తగ్గి, 254 యో 190 యో వచ్చి, వ్యాఖ్యాతలలో వృథా కలహము పుట్టును.

ఒకటవదియా రెండవదియా యని నిశ్చయింపవలెనన్న పెట్టె విప్పుట మేలు. విప్పునపుడు మూతను మెల్లగా లేపవలెను. మీటలనుండి బోర్డునకు దిగు రెండు పలుచని రిబ్బన్లు వయసుచే పెళుసెక్కి చటుక్కున విఱుగును. లోన ‘ఇష్యూ’ అని అచ్చొత్తిన అక్కరమే తుది ప్రమాణము. తొలి బోర్డులపై ఒక చిప్పు వెల్లకిలబడి, కాళ్లు పైకెత్తి, చచ్చిన బొద్దింకవలె పడియుండును. అది కీటకము గాదు, లోపమును దిద్దుటకు సంస్థవారే అతికించినది. దానిని ఊడబెరుకరాదు.