పసుపాకు - పచ్చనోటు

మా అనంతపురం వైపు చీనీ అంటాం, నల్గొండ వైపు బత్తాయి అంటారు. పేరేదైనా ఆకు పసుపు తిరిగితే రైతు చేసే పని ఒక్కటే. ఆ ఆకు తుంచి చొక్కా జేబులో వేసుకుని టౌనుకు బండి తీస్తాడు. ఎండకు వాడి, చెమటకు తడిసి, వక్కపొడి పొట్లం కింద నలిగి, ఆ ఆకు మందుల దుకాణం బల్ల మీదికి చేరేసరికి మిగతా లోపాల సంగతేమో గానీ ప్రాణం మాత్రం లోపించి ఉంటుంది.

బల్లకు అవతల మా డాక్టరు ఉంటాడు. ఆయన ఆకును ఒకసారి చూస్తాడు, రైతును రెండుసార్లు చూస్తాడు. ఈ ఏడు కాపు అమ్ముకున్నాడా, పాత బాకీ తీర్చాడా అన్నవి ఆయనకు రోగ లక్షణాలు. ఆపైన తీర్పు చెబుతాడు: "మైక్రో న్యూట్రియంట్ ప్రాబ్లమ్ అన్నా!" ఆ మాట పూర్తయ్యేలోపే కుర్రాడు మూడు సీసాలూ ఒక పొట్లమూ బల్ల మీద పెట్టేసి ఉంటాడు.

పోయినేడు నేనూ ఆ బల్ల ముందు నిలబడ్డాను. మూడు సీసాలు, ఒక పొట్లం. నెల తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి పరీక్ష పెడదామని, వయసు తీరి తనంతట తాను రాలిన పండుటాకు ఒకటి ఏరుకుని పోయాను. మళ్లీ అవే మూడు సీసాలు, అదే పొట్లం. ఈ లెక్కన తొంభై ఏళ్లకు పోయిన మా తాతది కూడా జింకు లోపమే. మాకు తెలియక కాటికి మోసుకుపోయాం.

ఇంత ప్రతిభావంతుడు ఒక్క ప్రశ్న మాత్రం ఎన్నడూ అడగడు: "ఇది ముదురాకా, లేతాకా?"

అడిగితే సగం గుట్టు అక్కడే వీడిపోతుంది మరి. నత్రజని, మెగ్నీషియం కొరవడితే చెట్టు మన ఇళ్లలో పెద్దల్లా ప్రవర్తిస్తుంది. ముదురాకులు తమ వాటా తీసి పిల్లాకులకు పెట్టి, ముందు తాము పాలిపోతాయి. మెగ్నీషియం తగ్గిన ముదురాకులో కాడ దగ్గర ఆకుపచ్చ త్రికోణం ఒకటి మిగులుతుంది. ఇనుము, జింకు అలా చేతులు మారవు. అవి తక్కువైతే చిగురే ముందు చెబుతుంది. ఇనుము లేని లేతాకు పసుపు గుడ్డ మీద ఆకుపచ్చ దారంతో వల అల్లినట్టు ఉంటుంది. జింకు లేనిది చిన్నబోయి, సన్నబడి, కొమ్మ చివర గుత్తిలా నిక్కబొడుచుకుంటుంది. చెట్టు ఇంత వివరంగా రాసిచ్చిన చీటీని చదవకుండా, దాని వెనక బిల్లు రాయడమే మన వైద్యం.

జింకే తక్కువని తేలిందనుకోండి. లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేట్, ఆకు మాడకుండా కాస్త సున్నం కలిపి కొట్టమని పాత పుస్తకాలన్నీ చెప్పాయి. అయితే దాని మీద బంగారు రంగు లేబులు ఉండదు, అమ్మినవాడికి సింగపూర్ టూరూ రాదు. అలాంటిది మందెలా అవుతుంది?

ఇంకో విద్య చూడండి. ఏటా బస్తాలకు బస్తాలు డీఏపీ వేయించేది ఆ బల్లే. భాస్వరం మితిమీరితే చెట్టుకు జింకు అందదు. అప్పుడు జింకు సీసా. కాయ బరువుకని పొటాష్ కుమ్మరిస్తే మెగ్నీషియం అందదు. అప్పుడు మెగ్నీషియం పొట్లం. ఒక గుమ్మంలో లోపాన్ని అమ్మి పక్క గుమ్మంలో దాని మందు అమ్మడం, కన్నం వేసినవాడే తాళంకప్పలు అమ్ముకోవడం లాంటిది. వ్యాపారం తెలిసినవాడికి దండం పెట్టాల్సిందే.

మా నేలలో సున్నం పాలు ఎక్కువ. అందులో ఇనుము లేక కాదు, ఉన్నది కరగక చెట్టు నోటికి అందదు. దానికి మా డాక్టరు మంత్రం "చీలేటెడ్". ఏ చీలేటు అని అడిగితే నొచ్చుకుంటాడు. ఈడీటీఏ రకం ఇనుము ఇలాంటి నేలలో పోస్తే చేతిలో ఉన్నది జారవిడిచేస్తుంది. నిలబడేది ఈడీడీహెచ్ఏ రకం. సీసా మీద ఆ అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. కాయ బొమ్మ మాత్రం గుమ్మడికాయంత ఉంటుంది.

మట్టి పరీక్ష లేదా అంటారా? ఎందుకు లేదు? 2015లో కేంద్రం భూసార ఆరోగ్య కార్డు మొదలుపెట్టింది. అందులో 12 అంశాలు ఉంటాయి. మా ఇంట్లో అది దేవుడి పటం వెనక భద్రంగా ఉంది, రోజూ హారతి కూడా అందుకుంటోంది. ఆకు పరీక్షకైతే కాయ లేని కొమ్మల నుంచి 4 నుంచి 7 నెలల వయసున్న ఆకులు తోటంతా తిరిగి కోయాలి. తిరుపతిలో, పేట్లూరులో పరిశోధన స్థానాలూ ఉన్నాయి. కానీ అక్కడ అప్పు ఇవ్వరు, టీ తెప్పించరు, "ఏమన్నా బాగుండావా" అనరు.

అన్ని పసుపులూ ఆకలి పసుపులు కావు. ఆకును నడిమి ఈనె దగ్గర మడవండి. రెండు సగాల మీదా మచ్చ ఒకే తీరుగా ఉంటే సాధారణంగా అది లోపం. ఒక సగం ఒకలా, మరో సగం ఇంకోలా ఉంటే గ్రీనింగ్ తెగులేమోనని భయపడాలి. 2005లో ఫ్లోరిడాలో బయటపడి అక్కడి నారింజ తోటలను కుదేలు చేసింది అదే. దానికి ఏ సీసాలోనూ మందు లేదు. మా డాక్టరు దగ్గర మాత్రం ఉంది. అవే మూడు సీసాలు, ఒక పొట్లం.

నా తోట సంగతి చివరికి తేల్చింది పక్క చేని పెద్దాయన. వస్తూనే "ముదురాకా, లేతాకా?" అన్నాడు. ఆకును ఎండకెత్తి చూశాడు. "ఈనెలే పసుపుగా ఉండాయి గదప్పా, ఆకు పచ్చగానే ఉంది. తిండి లోపమైతే ఇట్లుండదు. ఇది వేరు జబ్బు" అంటూ పార తీసుకుని పాదులో జానెడు తవ్వాడు. మట్టి ముద్దలా వచ్చింది, మురుగు కంపు కొట్టింది. పిల్లవేరు ఒకటి పట్టుకుని లాగితే పైతోలు ఊడి చేతికొచ్చింది, లోపల దారం మిగిలింది. కరెంటు ఎప్పుడు పోతుందోనని రేయింబవళ్లు డ్రిప్పు వదిలింది నేనే. "నీళ్లు తగ్గించు" అన్నాడాయన. ఫీజు ఒక గ్లాసు మజ్జిగ.

మొన్న టౌనుకు పోతే ఉండబట్టలేక మా డాక్టరుకు ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఎక్కువైంది నీళ్లే గదన్నా! దానికీ వచ్చింది" అని కుర్రాడి వైపు తిరిగాడు.

బల్ల మీదికి నాలుగో సీసా వచ్చింది.