మంచూరియా మరక

తొమ్మిది రోజులైంది, పోలేదు.

మొదట సబ్బు, తర్వాత సర్ఫు, ఆ తర్వాత నిమ్మచెక్క, చివరికి మిద్దె మీద రెండు రోజుల ఎండ. పసుపు మరకైతే సబ్బు తగలగానే ఎర్రబడి బెదిరిస్తుంది గానీ ఎండకు లొంగిపోతుంది. ఇది లొంగే రకం కాదు. తెల్ల చొక్కా మీద, సరిగ్గా జేబు కింద, రూపాయి బిళ్లంత గోబీ మంచూరియా. బజారులో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ‘ఏ పార్టీలో చేరినావన్నా?’ అని కూడా అడిగినాడు.

కౌతాళంలో పొద్దున పూట మాది ఉగ్గాని, మిరపకాయ బజ్జీల రాజ్యం. సాయంత్రం ఏడు దాటితే చైనా వాళ్లది. వెల్లుల్లి ఘాటు, గ్యాస్ మంట బుస్సుమనడం, ఇనుప బాణలి మీద గరిటె టంగుటంగుమనడం. నాకు ఇష్టమైన బండ్లు రెండున్నాయి. ఒకటి బస్టాండు దగ్గర, గోబీకి. రెండోది ఆదోని రోడ్డు మీద, ఎగ్ రైసుకు. ఈ రెండోదాని మీద ఒక పక్క ‘నూడిల్స్’ అని, ఇంకో పక్క ‘న్యూడుల్స్’ అని రాసి ఉంటుంది. ఏ పక్కన నిలబడి తిన్నా రుచి ఒకటే. ముందు వైపు డ్రాగన్ బొమ్మ వెయ్యమంటే మా పెయింటరు ఎన్నడూ డ్రాగన్‌ను చూసిన మనిషి కాడు, నాగేంద్రుడికి కాళ్లు పెట్టి వదిలేసినాడు. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి పోతున్న ఒక ముసలమ్మ బస్సు దిగి, దాని ముందు చెప్పులు విడిచి దండం పెట్టుకోవడం నా కళ్లారా చూసినాను. బండి పిల్లోడు గరిటె ఆపి, ఆమె కళ్లు తెరిచేదాకా మర్యాదగా నిలబడినాడు.

ఇంతకూ ఈ మంచూరియా యాడుంది? ఈ ప్రశ్న నాది కాదు, మా బామ్మర్ది కొడుకుది. ఎనిమిదో తరగతి. నోట్లో గోబీ ఉండగానే అడిగినాడు. ఇంటికి పోయి అట్లాసు తీసినాం. చైనాకు ఈశాన్యాన ఉంది, మూడు రాష్ట్రాలంత మేర. అక్కడి హార్బిన్ నగరంలో చలికాలం రాత్రి సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోతుందట, మంచు గడ్డలు కోసి కోటలు కడతారట. మా ఊళ్లో ఏప్రిల్ వస్తే నీడలో ఉన్న గ్లాసు కూడా చేతికి చురుక్కుమంటుంది. ఆ మంచూ జాతివాళ్లు 1644లో బీజింగు గద్దె ఎక్కి, 1912 దాకా దిగలేదు. దిగిన చివరి చక్రవర్తి పుయీకి అప్పటికి ఆరేళ్లు, అంటే మావాడి కంటే చిన్న. ‘ఆ పిల్లోడు గోబీ తిన్న్యాడా మామా?’ అన్నాడు మావాడు. తినలేదురా. అక్కడెవ్వరూ తినలేదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి మనిషి, నెల్సన్ వాంగ్ అని, 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో వంట చేసేవాడు. ఎవరో కొత్తది కావాలంటే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పద్ధతిలోనే వేయించి, గరంమసాలా పడాల్సిన చోట సోయా సాస్ పోసి, మొక్కజొన్న పిండితో చిక్కబరిచి, అందులో కోడి ముక్కలు వేసినాడు. అంటే మన తాలింపుకు చైనా చొక్కా తొడిగినాడన్న మాట. దానికి మంచూరియా అని పేరు పెట్టినాడు. చైనాను రెండు వందల అరవై ఏళ్లు పైగా ఏలినవాళ్ల సామ్రాజ్యం పోయి, పేరు మాత్రం తోపుడు బండెక్కి కౌతాళం బస్టాండు చేరింది. మధ్యలో కోడి దిగిపోయి కాలీఫ్లవర్ ఎక్కింది. ‘మరి చికెన్ 65లో 65 ఏంది మామా?’ అన్నాడు. అట్లాసు మూసేసినాను.

మరక దగ్గరికి వద్దాం.

మా ఊరి నుంచి సిరుగుప్ప దారి పట్టుకుంటే కాసేపటికే కర్ణాటక. 2024 మార్చిలో అక్కడి ప్రభుత్వం గోబీ నమూనాలు 171 పరీక్ష చేయిస్తే 107 పనికిరాని రంగులతో దొరికినాయి. వెంటనే గోబీలో, పీచు మిఠాయిలో కృత్రిమ రంగులు వెయ్యకూడదని ఉత్తర్వు. వేస్తే పది లక్షల దాకా జరిమానా, ఏడేళ్ల దాకా జైలు. ఆ నిషేధంలో రొడమైన్-బి అనే పేరు కూడా ఉంది, బట్టలకు అద్దే రంగు. దాంతో సరిహద్దు రాయికి అవతల గోబీ తెల్లబోయింది. ఇవతల ఇంకా పెళ్లికూతురిలా సిగ్గుపడుతూనే ఉంది.

‘రంగు వెయ్యకుండా ఒక ప్లేటు చెయ్యప్పా’ అన్నాను మొన్న బస్టాండు బండాయనతో.

‘రంగు లేకుంటే ఎవురు తింటారన్నా? జబ్బు మనుషుల కూడు మాదిరుంటాది.’

‘నేను తింటాలే.’

‘నువ్వు తింటావు. నీ ఎనక నిలబడినోళ్లు చూసి ఎగిరిపోతారు.’

చెబుతూనే మైదా పిండిలో ముంచి ముందే వేయించి పెట్టిన ముక్కలు గుప్పెడు బాణలిలో వేసి, రెండు సాసులు పోసి, మూత లేని చిన్న డబ్బాలోంచి చెంచా మొనతో ఏదో చిటికెడు తీసి విదిలించినాడు. ఒక్క క్షణం. బాణలి మొత్తం కుంకుమ భరిణె అయింది. ఆ డబ్బా మీద పేరు లేదు, తేదీ లేదు. నవ్వులాటగా చెప్తున్నాను గానీ నాకు కోపంగానే ఉంది. ఆ ప్లేట్ల చుట్టూ నిలబడేది ఎక్కువగా బడి పిల్లోళ్లు. నా చొక్కాకు తొమ్మిది రోజులుగా పట్టుకున్నది వాళ్ల కడుపులో ఎన్ని రోజులుంటుందో అడిగే మనిషి ఆ బండి దగ్గర నాకు కనపడలేదు. నేనూ ఆ ఒక్క మాట అని, ప్లేటు ఖాళీ చేసి వచ్చినవాణ్ణే.

మా నాయన ఎమ్మిగనూరులో నూలుకు రంగులద్దే పని చేసేవాడు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. మగ్గాల చప్పుడు మధ్యనే మేం పెరిగినాం. ఆయన గోళ్ల చుట్టూ ఒకరోజు నీలం, ఒకరోజు ఎరుపు. ఎంత తోమినా పోయేది కాదు. ఆ చేత్తోనే జొన్నరొట్టె తుంచుకునేవాడు. నాలుగో తరగతిలో ఎవడో ఆ చేతులు చూసి నవ్వితే, ఇంటికొచ్చి, బడి కాడికి రావద్దని చెప్పినాను. మర్నాటి నుంచి ఆయన మలుపులో వేపచెట్టు కింద సైకిలు పట్టుకొని, చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడేవాడు. ఇప్పుడుంటే ఈ చొక్కాను వెలుతురుకు ఎత్తి చూసి, ‘పక్కా రంగురా, ఎవురద్దినారు?’ అని అడిగేవాడు.

అందుకేనేమో మా ఇంట్లో ఆమె దీన్ని మసిగుడ్డ చేస్తానంటే ఒప్పుకోలేదు. దండెం మీదే ఉంది. సబ్బు, నిమ్మకాయ, ఎండ కాకుండా మరక పోయే ఉపాయం ఇంకేదైనా మీకు తెలిస్తే చెప్పండి. ఏడు దాటితే ఇంటికి రావద్దు, బస్టాండు బండి కాడుంటాను.