షడ్డోనట విజయము

మంచు కప్పిన కార్లు ఐరావతాల్లా బారులు తీరిన ఒక ఆదివారం, కెనడాలో ఒంటారియో రాష్ట్రపు బ్రాంప్టన్ మహానగరంలోని కాఫీ కొట్టులో, గాజుపెట్టె అనే రత్నమంటపాన డోనట్లు కొలువుదీరి ఉన్నవి. కొన్ని చక్కెర విభూతి పూసుకున్న పరమశైవులు, కొన్ని చాక్లెట్ కస్తూరి అలదుకున్న విలాసులు. అందరికీ నడుమ మాత్రం శూన్యమే. ఒక్కొక్కరి వెల ఒక టూనీ, అనగా 1996లో అవతరించిన, ధ్రువపు ఎలుగు ముద్ర దాల్చిన రెండు డాలర్ల బిళ్ళ. (లెక్క సులువు కోసం అలా అనుకుందాం.)

అంతట ప్రవేశించెను వీరబాల. చదువు ఐదో తరగతి, శిరస్త్రాణం ఉన్ని టోపీ. వెనుక పర్సుధారియై తండ్రి, బి.కామ్. పట్టభద్రుడు.

"ఐదు చాలు," అని పలికెను తండ్రి.

ఆ మాట విన్నంతనే పదమూడు శాతం కోరలతో హెచ్.ఎస్.టి. అనే అమ్మకపు పన్ను రక్కసి లేచెను. 2010 జూలై 1న ఒంటారియోలో పుట్టినది అది. కేంద్రం ఐదు కోరలిచ్చెను, రాష్ట్రం ఎనిమిది.

"నాన్నా, ఆరు తీసుకో. ఆరైతే పన్ను లేదు."

దిక్కులు పిక్కటిల్లలేదు గానీ, కౌంటరు పిల్లవాడు తలెత్తి చూచెను. కెనడా పన్ను ధర్మశాస్త్రంలో ఆరు లోపు డోనట్లు చిరుతిండి, పన్ను పడుతుంది. ఆరు, ఆపైన అయితే ఇంటి సరుకు, పన్ను పడదు. ఐదుకు 11.30 డాలర్లు, ఆరుకు సరిగ్గా 12. ఆరవ డోనట్ 70 సెంట్లకే శరణు వేడెను!

తండ్రి ఉప్పొంగెను. "అయితే పన్నెండు కొనేద్దాం!"

"ఏడోది మళ్ళీ రెండు డాలర్లే, నాన్నా."

ఈ దివ్యాస్త్రం ఆమెకు ఏ మహర్షీ ఉపదేశించలేదు. 2020లో ఒంటారియో గణిత పాఠ్యప్రణాళికను మార్చి, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా డబ్బు పాఠం పెట్టారు. ఐదో తరగతిలో పన్ను కలిపి బిల్లు కట్టడం, అప్పంటే ఏమిటో తెలుసుకోవడం ఉన్నాయి. తండ్రిగారు మాత్రం కాలేజీలో ఉపాంత వ్యయం (ఇంకొక్కదానికి అదనంగా అయ్యే ఖర్చు) నిర్వచనం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవారే. కౌంటరు దగ్గర అది ఒక్కనాడూ గుర్తుకు రాలేదు. ఆర్థికశాస్త్రం డిగ్రీ దాకా ఆగాల్సిన విద్య కాదని నా తీర్పు.

తల్లిదండ్రులారా, ఈసారి బిల్లు పర్సులో దోపుకోకుండా పిల్లల చేతికివ్వండి. పన్ను వరుస ఎక్కడుందో వాళ్ళనే వెతకనివ్వండి.