గేటు శాసనము: టీకా తాత్పర్య సహితము

మూలము

ఇల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చినాము. చెట్లు కావలసినవారు ఆదివారంలోగా తవ్వుకొని పోవచ్చును. కొబ్బరి చెట్టు మాట్లాడేసుకున్నారు. గొయ్యి పూడ్చవలెను.
ఇట్లు, ఇంటివారు.

అవతారిక

హైదరాబాదులో ఒక పాత కాలనీలో, ఇనుప గేటుకు పురికొసతో కట్టిన అట్టముక్క మీద, మృగశిర కార్తెలో వెలసిన గ్రంథమిది. అట్ట వెనక వాషింగ్ మెషీన్ బొమ్మ ఉంది కాబట్టి తాళపత్రాల కాలం తరవాతిదని నిర్ణయించవచ్చు. కర్త ఒకరా ఇద్దరా అన్న వివాదం మాత్రం తేలలేదు. దస్తూరి అంతా కొడుకుదే. కానీ "డెవలప్‌మెంటు" అన్నవాడు "పూడ్చవలెను" అనడు. చివరి వాక్యం పక్కన కూర్చుని తల్లి చెప్పి రాయించిందని ఈ వ్యాఖ్యాత పక్షం.

మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయనని మాటిచ్చి వ్యాఖ్యానాలు రాశాడు. మనం ఇవ్వగలిగిన మాట అంతకంటే చిన్నది: మూలం లేనిదాన్ని కుండీలో పెట్టం. అదీ కాగితం పూల చెట్టు దగ్గర తప్పక తప్పదు.

ప్రతిపదార్థము

ఇల్లు = డాబా ఇల్లును, దాని పెరడును; డెవలప్‌మెంటుకు = కూలగొట్టి అపార్టుమెంటు లేపుటకు; ఇచ్చినాము = సంతకాలు పెట్టినాము (ఇక బతిమాలి లాభము లేదని ధ్వని); చెట్లు = గేటు మీది కాగితం పూల చెట్టు, తొట్టి పక్కన దానిమ్మ, ప్రహరీ చీల్చుకొని వచ్చిన రావి, కరివేపాకు మొదలైనవి; కావలసినవారు = ఆటో కిరాయి భరింపగలవారు; ఆదివారంలోగా = సోమవారము జేసీబీ వచ్చుటకు ముందుగా; తవ్వుకొని = గడ్డపార, రంపము ఎవరివి వారు తెచ్చుకొని; పోవచ్చును = పైకము అక్కరలేదు; గొయ్యి = దీనిని గురించి చివర చెప్పబడును.

తాత్పర్యము

మేము పెంచినవి ఎవరి దగ్గరైనా బతికితే సంతోషమే, ఆదివారం దాటితే మా చేతిలో ఏమీ లేదు అని.

విశేషములు

"చెట్లు": ఇంటివారు ఈ మాటను ఒక అర్థంలో వాడారు, గేటు తీసుకుని వచ్చిన బోన్సాయ్ మనిషి మరో అర్థంలో చదువుకున్నాడు. ఇంటివారికి చెట్టంటే నీడ, పూలు, చారులోకి రెండు రెమ్మలు. ఇతనికి అవేవీ పట్టవు. వస్తూనే దానిమ్మ ముందు మోకాళ్ల మీద కూలబడి మొదట్లో మట్టి గోకుతాడు. ఎరగనివారికి అది దండం పెడుతున్నట్టే ఉంటుంది. అతను చూస్తున్నది మొదలు ఎంత లావుంది, పైకి పోనుపోను సన్నబడిందా, వేర్లు నాలుగు పక్కలా పాకి నేలను పట్టుకున్నాయా అని. అడుగున్నర దాటాక చెట్టు అతని కంటికి ఆనదు. మొదలు 3 అంగుళాల లావుంటే చెట్టు ఎత్తు 18 అంగుళాలు, అంటే ఆరు రెట్లు, ఉండాలని ఆ విద్యలో ఒక లెక్క. చిన్న మొక్కను కుండీలోనే పెంచుతూ పోతే అంత మొదలు ఊరడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఇక్కడ ఊరికే దొరుకుతోంది. కనుక "కావలసినవారు" అన్న పదంలో జాలి పాలెంత, ఆశ పాలెంత అని తేల్చడం కష్టం. ఒట్టి జాలే అయితే కరివేపాకునీ తీసుకెళ్లేవాడు. దాని పిలకలు పక్కింటివాళ్లు పట్టుకుపోయారు.

ఇక్కడ కిటికీలోంచి ఒక పూర్వపక్షం: "ఏం బాబూ, బతికిస్తానని వచ్చి ముందే తల నరుకుతున్నావేమిటి?"

సమాధానం: తవ్వినప్పుడు వేర్లలో చాలాభాగం తెగి నేలలోనే ఉండిపోతుంది. మిగిలిన కాసిని వేర్లు అంత గుబురుకు నీళ్లు తోడలేవు. ఆకులు మాత్రం ఆవిరి వదలడం మానవు. కింద పోయినంతా పైనా పోవాలి. ఈ న్యాయం విని పెద్దావిడ కాదనలేదు. కానీ ఆవిడ ఇన్నాళ్లూ చూసిన దానిమ్మ కొమ్మల కుప్పగా పెరట్లో పడి ఉంది; ఆటో ఎక్కింది ఆవిడ ఎన్నడూ చూడని ముక్క.

(వాల్టా చట్టం 2002 నాటిది. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలంటుంది. మూలంలో ఆ ఊసు లేదు గనుక "అనుమతి తీసుకొని" అని అధ్యాహారం చేసుకోవాలి. వ్యాకరణం ఇలాంటి చోట్ల చాలా ఉపకరిస్తుంది.)

"ఆదివారంలోగా": పద్ధతి ప్రకారమైతే ఈ ఏడు మొదలు చుట్టూ సగం కందకం తీయాలి, వచ్చే ఏడు తక్కిన సగం తీయాలి, లోపల పీచు వేర్లు కమ్ముకున్నాక మూడో ఏడు ఎత్తాలి. బిల్డరుకు అంత ఓపిక ఉండదు. అయినా కాలం కలిసొచ్చిందనే చెప్పాలి. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదాధ్యాయమని ఒకటి పెట్టి, కొమ్మలు రానివాటిని శిశిరంలో, వచ్చినవాటిని హేమంతంలో, మంచి బోదె ఉన్నవాటిని వానలు మొదలయ్యేటప్పుడు నాటమన్నాడు. మంచి బోదె కోసమే కదా ఇతను మోకాళ్ల మీద పడింది. పైగా మరో చోటికి మార్చే చెట్టుకు నెయ్యి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగాలు, పాలు, పేడ కలిపి వేరు నుంచి బోదె దాకా పూయాలని కూడా చెప్పాడు. ఇవాళ్టి నెయ్యి ధరకు ఆ చెట్టు కన్నా ఆ పూత ఖరీదు. మనవాడు కోసిన చోట ఫంగిసైడ్ పొడి ముద్ద చేసి రాశాడు.

"తవ్వుకొని": అసలు కష్టమంతా ఈ మాటలో ఉంది. దానిమ్మ మర్యాదగా వచ్చింది: చుట్టూ కాలువ తీసి, పక్క వేర్లు రంపంతో కోసి, తల్లివేరు తెంపితే మట్టిగడ్డతో సహా గోనెసంచిలో కూర్చుంది. రావి దగ్గర పేచీ వచ్చింది. సాయం వచ్చిన మేస్త్రీ పలుగు కింద పెట్టేశాడు.

"రావి చెట్టు నేను కొయ్య సార్. మంచిగుండదు."

"కొయ్యొద్దన్నా, తీసి వేరే చోట పెట్టుకుంటాం."

"గట్లయితే తీస్త."

ధర్మసూక్ష్మం గమనించాలి. నరికితే దోషం, నాటడానికి తీస్తే పుణ్యం. రంపం రెండింటిలోనూ ఒకటే. ఇటుకల సందున నలిగి బిళ్లల్లా చదునైన ఆ వేర్లు మామూలు నేలలో పెరిగిన చెట్టుకు రావు. అందుకే దానితోపాటు ప్రహరీ ఇటుకలు రెండు కూడా బయలుదేరాయి. కోసిన చోటల్లా పాలు కారాయి. నీళ్లు కొట్టి కడిగితే సరి. మర్రి, రావి, జువ్వి జాతులు ఇలాంటి దెబ్బలు తట్టుకుంటాయి, ముదురు బోదె మీదా చిగురేస్తాయి.

కాగితం పూల చెట్టు కథ వేరు. వేర్లు పెళుసు, ఎంత జాగ్రత్తగా ఎత్తినా మట్టి జలజలా రాలి చేతిలో ముళ్ల మోడు మిగులుతుంది. అయినా బతికే గుణం దానికుంది. అసలు ప్రమాదం తరవాత వస్తుంది. కొన్నాళ్లకు మోడు నిండా చిగురు కనపడగానే మనిషి పొంగిపోయి ఎండలో పెడతాడు, ఎరువు వేస్తాడు. అది బోదెలో దాచుకున్న సరుకుతో వేసిన చిగురు. కింద వేరే ఉండకపోవచ్చు. ఆ నిలవ అయిపోయాక వాడుతుంది. కాబట్టి ఇసుక, ఇటుకనలుసు కలిపి నీళ్లు నిలవని మట్టిలో పెట్టి, కదలకుండా కుండీకి కట్టేసి, నీడలో వదిలేసి, ఓ ఏడాది దాన్ని ముట్టకుండా ఉండాలి. వేరు పట్టిందో లేదో అని పీకి చూడటం మహాపాతకాలలో చేరుతుంది.

"కొబ్బరి చెట్టు మాట్లాడేసుకున్నారు": వ్యాఖ్య అక్కరలేదు. దానికి చిగురు ఒక్కటే, నెత్తిన. తల కొడితే మరి లేవదు. మనవాడికి దానితో పని లేదు.

శంక: ఇంట్లో మరుగుజ్జు చెట్టు పెడితే ఇంటివారి ఎదుగుదల ఆగిపోతుందని వాస్తు పండితులంటారు కదా? సమాధానం: 1625 నుంచి కుండీలో పెరిగిన ఒక పైన్ జాతి చెట్టు హిరోషిమాలో ఉండేది. 1945లో బాంబు పడ్డప్పుడు అది బతికింది, దాన్ని పెంచిన కుటుంబమూ బతికింది. 1976లో వాళ్లు దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చారు. వాస్తు పండితులు ఇంతకు మించిన దోషపరిహారం చూపిస్తే అప్పుడు ఆలోచిద్దాం.

"గొయ్యి పూడ్చవలెను": ఇక్కడ వ్యాఖ్యాతలకు మతిపోతుంది. సోమవారం జేసీబీ వచ్చి, పెరడంతా సెల్లారు కోసం నిలువు లోతు తవ్వబోతుంటే, ఆదివారం సాయంత్రం రెండడుగుల గొయ్యి పూడ్చడమేమిటి? పునరుక్తి దోషమని ఒకరు. కొడుకు ఈ వాక్యం కొట్టేద్దామంటే తల్లి ఒప్పుకోలేదని మరొకరు. పాటించడంలోనూ చిక్కుంది. తీసిన మట్టిలో సగం వేర్లతో ఆటో ఎక్కుతుంది గనుక గొయ్యి నిండదు. మేస్త్రీ దానిమ్మ కొమ్మలు విరిచి అందులో కుక్కి, పైన ఇటుక ముక్కలు పోసి తొక్కాడు. పెద్దావిడ చెప్పుతో నొక్కి చూసి, ఇంకో తట్ట పోయించింది.